వెర్రిబాగులతనంలో పనితనం

1983 ఆగస్టులో విడుదలైన 'స్ట్రేంజ్ బ్రూ' అనే కెనడా హాస్య చిత్రం కంపెనీ బొమ్మ దగ్గరే అల్లరి మొదలుపెడుతుంది. ఎం.జి.ఎం. వారి సినిమాల ముందు వచ్చి గర్జించే సింహం తెలుసు కదా, అది ఈసారి గర్జించకుండా ఊరుకుంటుంది. వెనక నుంచి రెండు గొంతులు వినిపిస్తాయి. తోక పట్టుకుని తిప్పి చూడమని ఒకడు రెండోవాడికి సలహా ఇస్తుంటాడు. ఇంకా కథ లేదు, పేర్లు పడలేదు. అయినా రెండు సంగతులు మనకి తెలిసిపోతాయి. వీళ్ళకి పని రాదు. పని రాదన్న సంగతి కూడా వీళ్ళకి తెలియదు. సుమారు తొంభై నిమిషాల సినిమా ఈ రెండు ముక్కల మీదే నిలబడుతుంది.

ఆ గొంతులు బాబ్ మెకంజీ, డగ్ మెకంజీ అనే అన్నదమ్ములవి. బాబ్‌గా రిక్ మొరానిస్, డగ్‌గా డేవ్ థామస్ వేశారు. దర్శకత్వం కూడా వాళ్ళిద్దరిదే. స్టీవెన్ డి జార్నాట్‌తో కలిసి స్క్రిప్టు రాసినదీ వాళ్ళే. మెకంజీ సోదరులకి జీవితంలో కావలసినవి బీరు, డోనట్లు, ఐస్ హాకీ, వేయించిన పంది మాంసం. ఇల్లైనా, బయటైనా, కోర్టైనా తలమీద ఉన్ని టోపీ, ఒంటిమీద మందపాటి కోటు తీయరు. ఒకణ్ణొకడు తిట్టుకోకుండా నాలుగు మాటలు కలిపి మాట్లాడలేరు. ఒకణ్ణి వదిలి ఒకడు నాలుగు నిమిషాలు ఉండనూ లేరు. ఇలాంటి వాళ్ళని పెట్టి సినిమా తీస్తే పది నిమిషాల్లో విసుగెత్తాలి. ఎత్తదు. ఎందుకు ఎత్తదో చూడాలంటే వీళ్ళు ఎక్కడ పుట్టారో ముందు చెప్పుకోవాలి.

కెనడాలో 'ఎస్.సి.టి.వి.' అని ఒక టెలివిజన్ హాస్య కార్యక్రమం ఉండేది. మెలన్‌విల్ అనే ఊరు ఉన్నట్టూ, అక్కడ ఒక చిన్న టీవీ స్టేషన్ ఉన్నట్టూ, దాని ప్రసారాలే మనం చూస్తున్నట్టూ దాని కల్పన. జాన్ క్యాండీ, యూజీన్ లెవీ, క్యాథరిన్ ఒహారా, ఆండ్రియా మార్టిన్, జో ఫ్లాహర్టీ అందులో నటులు. 1980లో ప్రభుత్వ ప్రసార సంస్థ సి.బి.సి. దాన్ని తీసుకుంది. అమెరికాలో వచ్చే ప్రసారం కంటే కెనడా ప్రసారంలో వాణిజ్య ప్రకటనలు తక్కువ కాబట్టి ప్రతి వారం రెండు నిమిషాలు ఖాళీ మిగిలేది. ఆ రెండు నిమిషాల్లో ప్రత్యేకంగా కెనడాతనం ఉట్టిపడేది ఏదైనా పెట్టమని సంస్థ కోరింది. నటుల్లో, రచయితల్లో చాలామంది కెనడావాళ్ళు, తీసేది కెనడాలో. అదంతా చాలదన్నట్టు ఇంకా కెనడాతనం కావాలన్నమాట. మొరానిస్, థామస్‌లకి ఒళ్ళు మండింది. సరే, అడిగారు కదా, పూర్తిగా ఇద్దామనుకున్నారు. వెనక గోడకి దేశపటం తగిలించారు. టోపీలు, కోట్లు వేసుకున్నారు. పొట్టి సీసాల బీరు ముందు పెట్టుకున్నారు. పొయ్యి మీద మాంసం వేయించారు. ప్రతి వాక్యం చివరా కెనడావాళ్ళు అలవాటుగా తగిలించే 'ఏ' అనే ఊతపదాన్ని దట్టంగా చల్లారు.

దీనికి ముందుమాటగా వాళ్ళు నోటితో కూసే ఒక రాగం ఉంది. కెనడా వన్యప్రాణి శాఖ వారు 1960ల నుంచి టీవీలో చూపించిన చిట్టి ప్రకృతి చిత్రాల్లోని వేణునాదానికి అది వెక్కిరింపు. ఆ చిత్రాలు చూస్తూ పెరిగిన పిల్లలందరికీ ఆ రాగం కంఠతా వచ్చు. ఇద్దరు తాగుబోతులు దాన్ని పిట్టకూతలా కూసేసరికి ఒక తరం మొత్తం ఒక్క క్షణంలో ఇంటికి వెళ్ళినట్టయింది.

ఈ తునకలకి స్క్రిప్టు ఉండేది కాదు. మిగతా నటులు, సిబ్బంది పని ముగించుకుని వెళ్ళిపోయాక, రోజు చివర్లో, కెమెరామన్‌ని పెట్టుకుని అప్పటికప్పుడు మాట్లాడుకుంటూ పోయేవారు. ఒకేసారి చాలా తీసి, బాగా వచ్చినవి ఉంచుకునేవారు. ఎంత వెక్కిరింపుగా మొదలుపెట్టారో అంతగా జనం మెచ్చుకున్నారు. 1981లో అమెరికాలోని ఎన్.బి.సి. ఆ కార్యక్రమాన్ని తీసుకున్నప్పుడు ఈ అన్నదమ్ములు తప్పకుండా ఉండాలని కోరింది. అదే ఏడాది 'ది గ్రేట్ వైట్ నార్త్' అనే రికార్డు వచ్చింది. అందులో 'టేక్ ఆఫ్' అనే పాట పల్లవిని రష్ బృందం గాయకుడు గెడ్డీ లీ పాడాడు. ఆయనా మొరానిసూ చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నారు. 1982లో ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 16వ స్థానానికి ఎక్కింది. సినిమా అవకాశం ఆ ఊపులోనే వచ్చింది.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. రెండు నిమిషాల జోకు తొంభై నిమిషాలు ఎలా సాగుతుంది? టీవీ తునకల నుంచి పుట్టిన సినిమాలు ఎన్నో ఈ ప్రశ్న దగ్గరే చతికిలబడ్డాయి. మామూలుగా చేసే పని, పాత్రలకి 'ఎదుగుదల' కల్పించడం. తెలివితక్కువవాడికి చివరికి బుద్ధి వస్తుంది, సోమరికి బాధ్యత తెలుస్తుంది, మనకి కళ్ళు చెమరుస్తాయి. మొరానిస్, థామస్ ఆ దారి పట్టలేదు. మొదటి దృశ్యంలో బాబ్, డగ్ ఎంత తెలివితక్కువవాళ్ళో చివరి దృశ్యంలోనూ అంతే. ఏమీ నేర్చుకోరు. ఒక మెట్టూ ఎక్కరు. ఈ సినిమాలో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది ఈ నిగ్రహాన్ని. మూర్ఖుడి పాత్ర రాసిన రచయితకి, మధ్యలో ఎక్కడో వాడి నోట ఒక మంచి మాట పలికించాలనే ఆశ పుడుతుంది. వీళ్ళు ఆ ఆశని గెలిచారు.

పాత్రలు మారకపోతే చుట్టూ ప్రపంచం పెరగాలి. ఆ పెంచే పద్ధతి చూడండి. సినిమా వాళ్ళ పాత టీవీ సెట్‌లోనే మొదలవుతుంది, దేశపటం ముందు కూర్చుని. మా సొంత సినిమా చూడండంటూ వాళ్ళు 'మ్యూటెంట్స్ ఆఫ్ 2051 ఏ.డి.' అనే బొమ్మ చూపిస్తారు. ప్రపంచం నాశనమైపోయాక మిగిలిన మానవుడి కథ అది. చార్ల్‌టన్ హెస్టన్ వేసిన 'ఒమేగా మ్యాన్' లాంటి దాన్ని పెరట్లో తీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అట్టముక్కల సెట్లు, అతుకుల అభినయం. చూస్తుండగా తెలుస్తుంది, ఇదంతా ఒక థియేటర్లో జరుగుతోందని. సీట్లలో కూర్చున్న జనం తిడుతున్నారు. ఫిల్ము తెగింది. డబ్బు వాపసు ఇమ్మని గొడవ. అన్నదమ్ములు సీసాలో తెచ్చిన చిమ్మటల్ని హాల్లోకి వదులుతారు. ఏడుస్తున్న పిల్లల్ని చూసి, తండ్రి బీరు కొనమని ఇచ్చిన డబ్బు ఆ పిల్లల తండ్రి చేతిలో పెట్టేస్తారు.

టీవీ సెట్ నుంచి సినిమాలోకి, ఆ సినిమా నుంచి థియేటర్లోకి, థియేటర్ నుంచి ఇంటికి. ఒక్కొక్క గడప దాటుతూ కొన్ని నిమిషాల్లో మనల్ని రెండు నిమిషాల తునక నుంచి పెద్ద కథలోకి తీసుకొచ్చేశారు. అతుకు ఎక్కడా కనిపించదు, ఎందుకంటే ప్రతి గడప దగ్గరా ఒక జోకు నిలబడి ఉంటుంది. పైగా కథకి కావలసిన ముడి కూడా పడిపోయింది. ఇంట్లో బీరు లేదు, డబ్బు లేదు, తండ్రికి బీరు కావాలి. ఆ తండ్రికి గొంతు ఇచ్చినది మెల్ బ్లాంక్, బగ్స్ బన్నీకి ప్రాణం పోసిన గొంతు. కార్టూన్ ప్రపంచపు మహానుభావుడి గొంతు ఈ ఇంట్లోంచి వినిపిస్తే ఈ పిల్లలు ఇలా ఎందుకు పెరిగారో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. డబ్బు పోయింది దుబారా వల్ల కాదు, జాలి వల్ల. ఈ ఇద్దరూ దొంగ ఎత్తులు వేస్తారు, అబద్ధాలాడతారు, కానీ వాళ్ళలో కసి లేదు. ఏడుస్తున్న పిల్లల ముందు ఉన్నదంతా ఇచ్చేసే గుణం మొదటి పావుగంటలోనే మన కళ్ళబడుతుంది. ఆ తర్వాత వాళ్ళు ఏం చేసినా మనం వాళ్ళ పక్షమే. సంభాషణల్లో ఒక్క మంచి మాటా చెప్పించకుండా, ఒక చిన్న పనితో ప్రేక్షకుణ్ణి కట్టిపడేశారు.

బీరు ఉచితంగా రాబట్టడానికి వాళ్ళ ఉపాయం బతికున్న చిట్టెలుకని ఖాళీ సీసాలో పెట్టి, మీ బీరులో ఎలుక వచ్చిందని దుకాణంలో ఫిర్యాదు చేయడం. దుకాణం వాడు తెలివిగా, కంపెనీకే వెళ్ళి చెప్పుకోమంటాడు. కంపెనీ పేరు ఎల్సినోర్ బ్రూవరీ, కోటలాంటి భవనం. అక్కడ ఫిర్యాదు ఫలితంగా వాళ్ళకి ఉద్యోగం దొరుకుతుంది. బాట్లింగ్ లైన్ మీద వెళ్ళే సీసాల్లో ఎలుకలున్నాయేమో చూడటం. బీరంటే ప్రాణమిచ్చేవాళ్ళని బీరు సీసాలు బారులు తీరి వెళ్ళే చోట కూర్చోబెట్టారు! కథని ముందుకి నెట్టే ప్రతి మలుపూ ఈ ఇద్దరి స్వభావంలోంచే వస్తుంది. రచయిత బయటి నుంచి చెయ్యి పెట్టి తోసినట్టు అనిపించదు. మన పరమానందయ్య శిష్యుల కథల్లో గురువుగారి మాటని అక్షరాలా పాటించడం వల్లే ఒక ఉపద్రవం మీద ఇంకో ఉపద్రవం పుట్టుకొచ్చినట్టు, ఇక్కడా మూర్ఖత్వమే కథకి ఇంజిన్.

ఎల్సినోర్ అన్న పేరు వినగానే సాహిత్యం చదివినవాళ్ళు ఒక్కసారి సర్దుకుని కూర్చుంటారు. షేక్స్‌పియర్ 'హ్యామ్లెట్'లో డెన్మార్క్ రాజుగారి కోట అది. ఈ బ్రూవరీ యజమాని జాన్ ఎల్సినోర్ ఈమధ్యనే చనిపోయాడు. తమ్ముడు క్లాడ్ అన్నగారి భార్యని పెళ్ళాడి కంపెనీలో పెత్తనం చేస్తున్నాడు. ఆమె పేరు గెర్ట్రూడ్, నాటకంలో రాణి పేరే. కూతురు పామ్ వారసత్వం కోసం వచ్చింది. చనిపోయిన తండ్రి ఆత్మ ఏదో చెప్పాలని తంటాలు పడుతోంది. హ్యామ్లెట్ యువరాజు స్థానంలో పామ్, క్లాడియస్ స్థానంలో క్లాడ్. మరి మెకంజీ సోదరులు? రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్. ఏం జరుగుతోందో తెలియకుండా రాజభవనంలోకి వచ్చిపడి, ఏం జరుగుతోందో తెలియకుండానే చచ్చిపోయే ఇద్దరు అనామకులు. టామ్ స్టాపార్డ్ 1966లో ఆ ఇద్దర్నే నాయకులుగా పెట్టి ఒక ప్రసిద్ధ నాటకం రాశాడు. అందులోనూ వాళ్ళు బతకరు. 'స్ట్రేంజ్ బ్రూ'లో బతుకుతారు. బతకడమే కాదు, రాజ్యాన్ని నిలబెడతారు.

ఈ పోలిక పైపై అలంకారంగా పెట్టింది కాదు. సినిమాకి ఎముకల గూడు అదే. వెర్రి జోకులకి గట్టి కథ అవసరమని ఈ రచయితలకి తెలుసు. కథ కూడా వెర్రిదైతే నవ్వుకి ఆనుకోవడానికి గోడ ఉండదు. నాలుగు వందల ఏళ్ళుగా నిలబడ్డ విషాద కథని వెనక పెట్టుకుంటే ముందు ఎంత గెంతినా గోడ కూలదు. హ్యామ్లెట్ తెలియని ప్రేక్షకుడికి ఇది అన్యాయమైపోయిన అమ్మాయి కథ, అంతే, ఏమీ అడ్డురాదు. తెలిసినవాడికి అడుగడుగునా ఒక చిరునవ్వు అదనం. తండ్రి ఆత్మ ఎలా మాట్లాడుతుందో చూడండి. 1983 అంటే అమెరికా, కెనడా వీధుల్లో నాణెం వేసి ఆడే వీడియో గేమ్ యంత్రాల వెర్రి ఊపేసిన కాలం. బ్రూవరీలో ఒక గేమ్ యంత్రం ఉంటుంది. కరెంటు రూపంలో మిగిలిపోయిన జాన్ ఎల్సినోర్ ఆ తెర మీద కనిపించి తన చావు రహస్యం బయటపెడతాడు. కోట బురుజు మీద అర్ధరాత్రి నడిచిన ప్రేతాత్మని వీడియో గేమ్‌లోకి దింపడం కంటే ఆ ఏడాదికి సరిపోయే మార్పు ఇంకేముంటుంది!

నాకు అన్నిటికంటే నచ్చిన పోలిక మాత్రం సినిమా మొదట్లోనే ఉంది. హ్యామ్లెట్‌లో నాటకంలో నాటకం వస్తుంది. దాన్ని చూడలేక రాజు మధ్యలో లేచి వెళ్ళిపోతాడు. అతని నేరానికి అదే సాక్ష్యం. ఇక్కడ మెకంజీల సినిమాలో సినిమా వస్తుంది. దాన్ని చూడలేక హాల్లో జనమంతా లేచిపోతారు. దానికి కారణం నేరం కాదు, ఆ సినిమా అంత చెత్తగా ఉంది. రచయితలు ఈ పోలికని ఉద్దేశించారా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. గూడు సరిగ్గా కుదిరితే ఎముకలు వాటంతట అవే కలుస్తాయి.

ఇక విలన్. బ్రూమైస్టర్ స్మిత్ అనే బీరు తయారీ నిపుణుడు బీరులో మందు కలిపి, తాగినవాళ్ళ మనసుల్ని తన చేతిలోకి తీసుకుని ప్రపంచాన్ని ఏలాలనుకుంటాడు. ఆ పాత్రకి ఎవరిని తెచ్చారు? మాక్స్ వాన్ సీడోని. ఇంగ్మార్ బెర్గ్‌మన్ 'ది సెవెంత్ సీల్'లో మృత్యువుతో చదరంగం ఆడిన యోధుడు. 'ది ఎక్సార్సిస్ట్'లో దయ్యాన్ని వదిలించడానికి వచ్చిన ఫాదర్ మెరిన్. అంత ఘనమైన నటుడు ఈ సినిమాలో ఒక్క క్షణం కూడా 'నాకూ తెలుసులే ఇది తమాషా అని' అన్నట్టు కన్ను గీటడు. బెర్గ్‌మన్ సినిమాలో ఎంత నిష్ఠగా నిలబడ్డాడో ఇక్కడా అంత నిష్ఠగానే నిలబడతాడు. గొంతు పెంచడు. పిచ్చి నవ్వులు నవ్వడు. ప్రపంచాన్ని జయించే పథకాన్ని ఆఫీసు పనిలా, శ్రద్ధగా, కొంచెం అలసటగా నడిపిస్తాడు. ఆయన అంత నిజంగా ఉండబట్టే ఎదురుగా డోనట్ తింటూ నిలబడ్డ ఇద్దరు అంత హాస్యంగా కనిపిస్తారు. హాస్య చిత్రాల్లో విలన్ చేత కూడా జోకులు వేయించే అలవాటు మన దగ్గరా ఎక్కువే. ప్రతివాడూ నవ్విస్తుంటే నవ్వు ఎటు నుంచి ఎటు వెళ్ళాలో తెలియక చెల్లాచెదురైపోతుంది. వాన్ సీడో పని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది.

స్మిత్ తన మందుని బ్రూవరీ పక్కనే ఉన్న మానసిక చికిత్సాలయంలోని రోగుల మీద పరీక్షిస్తాడు. వాళ్ళకి 'స్టార్ వార్స్'ని గుర్తుచేసే కవచాలు తొడిగి ఐస్ హాకీ ఆడిస్తాడు. ఒక వాద్యం మీట నొక్కితే వాళ్ళు కొట్టుకుంటారు, ఇంకో మీట నొక్కితే ఆగుతారు. ఈ హాకీ దృశ్యం సినిమాలో అద్భుతంగా తీసిన వాటిలో ఒకటి. మంచు మైదానం, నల్ల తెల్ల కవచాలు, పైనుంచి వచ్చే స్వరం, కింద ఆ స్వరానికి లొంగిన శరీరాలు. ఒక్క క్షణం నిజమైన భయం తాకుతుంది. కెనడావాళ్ళకి హాకీ అంటే ఎంత ప్రాణమో తెలిసినవాళ్ళకి ఆ భయం ఇంకా బాగా అందుతుంది, దేశం గుండెనే ఎవడో మీటతో ఆడిస్తున్నట్టు. ఆ రోగుల్లో ఒకడు రోజీ లరోజ్, ఒకప్పటి హాకీ తార. ఆ పాత్ర వేసిన ఆంగస్ మెకిన్నిస్ 1977 నాటి అసలు 'స్టార్ వార్స్'లో విమానదళ నాయకుడిగా కనిపించినవాడే.

ఈ భాగంలోనే నాకు నచ్చనిదీ ఉంది. మానసిక రోగాన్ని సినిమా అప్పటి అలవాటు ప్రకారం హాస్యానికి వాడుకుంది. రోగులు బాధితులు, దుర్మార్గుడు వాళ్ళ మీద మందు పరీక్షించేవాడు అనే మాట నిజమే. రోజీని కూడా గౌరవంగానే చూపించారు. అయినా కొన్ని నవ్వులు ఇవాళ చూస్తే గొంతు దిగవు. అలాగే పామ్ పాత్ర వేసిన లిన్ గ్రిఫిన్ చక్కటి నటి. కంపెనీ తనదని గట్టిగా నిలబడే అమ్మాయిగా మొదట్లో బాగా కనిపిస్తుంది. తర్వాత సగం సినిమా స్పృహలో లేకుండానో, జ్ఞాపకం పోయో గడపవలసి వచ్చింది. హ్యామ్లెట్ లాంటి పాత్రని ఆడపిల్లకి ఇచ్చి, తర్వాత ఆమె చేతిలోంచి కత్తి లాగేసుకోవడం రచనలో లోపమే.

రెండో సగం గురించి ఇంకేం చెప్పినా, అందులో కథ కట్టిన తీరు మాత్రం మెచ్చుకోవలసిందే. మత్తులో ఉన్న పామ్‌నీ, ఆమె మేలు కోరిన పెద్దాయననీ బీరు పీపాల్లో పెట్టి, బ్రేకులు చెడగొట్టిన వ్యానులో మెకంజీలకి అప్పగిస్తారు విలన్లు. వ్యాను వెళ్ళి సరస్సులో పడుతుంది. నీళ్ళ అడుగున అన్నదమ్ములు ఖాళీ బీరు సీసాల్లో మిగిలిన గాలి పీల్చుకుంటూ బతికుంటారు. వ్యాను నిండా ఖాళీ సీసాలు పోగుపడి ఉండటం వాళ్ళ బద్ధకానికి గుర్తు. అదే వాళ్ళ ఆయువు అయింది.

దానికి మించినది బీరు తొట్టి దృశ్యం. బాబ్‌నీ పామ్‌నీ పెద్ద బీరు తొట్టిలో బంధించి, బీరుతో నింపుతారు. బీరు పైకి పైకి వస్తోంది. మునిగిపోవడమే తరువాయి. వేరే సినిమాలో అయితే ఇక్కడ తలుపు పగలగొట్టే వీరుడు రావాలి. ఇక్కడ బాబ్ మొత్తం తాగేస్తాడు! తాగి గుమ్మడికాయలా ఉబ్బి బయటికి వస్తాడు. అక్కడితో ఆగారా? పక్కన చికిత్సాలయానికి నిప్పంటుకుంటే, తాగిన బీరంతా ఒంటికి పోసి ఆ మంటని ఆర్పేస్తాడు. మోటు జోకే. కానీ దాని లెక్క చూడండి. మొదటి దృశ్యం నుంచి వీళ్ళు బీరు తాగుతూనే ఉన్నారు. ఆ తాగుడుని సినిమా ఎక్కడా తప్పుపట్టలేదు, పొగడలేదు. తెలివైనవాళ్ళందరి శక్తి అయిపోయిన చోట ఆ ఒక్క గుణమే ఒక ప్రాణాన్ని, తర్వాత ఒక భవనాన్ని కాపాడింది. ప్రేక్షకుడు గంటకి పైగా చూస్తూ ఉన్నదే, ఊహించనిదై తిరిగొచ్చింది. కథనంలో ఇంతకంటే నిక్కచ్చి అయిన కొసని నేను గంభీరమైన సినిమాల్లో కూడా అరుదుగానే చూశాను.

చివర్లో మందు కలిపిన బీరు అక్టోబర్‌ఫెస్ట్ జాతరకి వెళ్ళిపోతుంది. అంటారియోలో జర్మన్ సంతతి వాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ కిచనర్–వాటర్లూలో 1969 నుంచి ఈ జాతర పెద్ద ఎత్తున జరుగుతోంది కాబట్టి ఇదేమీ గాల్లోంచి తెచ్చిన కల్పన కాదు. జనాన్ని కాపాడేది హోజ్‌హెడ్, మెకంజీల కుక్క. అది ఆకాశంలో ఎగురుకుంటూ వెళుతుంది. కుక్క ఎందుకు ఎగిరిందని అడిగే స్థితిలో అప్పటికి మనం ఉండం. ఒక సినిమా తన లోకాన్ని ఎంత గట్టిగా కట్టుకుందో తెలుసుకోవడానికి ఇది మంచి పరీక్ష. మొదటి పది నిమిషాల్లో కుక్క ఎగిరితే థియేటర్లోంచి లేచిపోయేవాళ్ళం. చివరి పది నిమిషాల్లో ఎగిరితే, ఇంతసేపూ ఎందుకు ఎగరలేదా అనిపిస్తుంది.

మాట తీరు గురించి చెప్పకుండా వదలలేను. మొరానిస్, థామస్ సంభాషణలో జోకు ఫలానా వాక్యంలో ఉందని వేలు పెట్టి చూపించలేం. ఒకడు మాట మొదలుపెడతాడు, రెండోవాడు అడ్డుపడతాడు, మొదటివాడు తిడతాడు, ఇద్దరూ అసలు విషయం మర్చిపోతారు, మర్చిపోయామని గుర్తొచ్చి మళ్ళీ ఒకణ్ణొకడు తిట్టుకుంటారు. ఏళ్ళ తరబడి ఒకే గదిలో పడుకుని పెరిగిన అన్నదమ్ముల మధ్యే పుట్టే లయ అది. రాసి బట్టీ పట్టిస్తే రాదు. రోజు చివర్లో స్క్రిప్టు లేకుండా గంటల కొద్దీ మాట్లాడుకున్న సాధన ఇక్కడ పనికొచ్చింది. దర్శకత్వం కూడా తామే చేసుకోవడానికి అర్థం ఇక్కడ కనిపిస్తుంది. వేరే దర్శకుడైతే ఆ అడ్డంకుల్ని, తడబాట్లని ఎడిటింగులో కత్తిరించి 'వేగం' పెంచేవాడు. వీళ్ళు వాటినే దాచుకున్నారు. ఇద్దర్నీ ఒకే ఫ్రేములో పక్కపక్కన పెట్టి, కెమెరాని కదలనివ్వకుండా, గొడవని దాని పాటికి సాగనిచ్చారు. నటన గురించి చదువుకునే పిల్లలు ఈ సినిమాలో డగ్ మాట్లాడుతున్నప్పుడు బాబ్ ముఖాన్ని, బాబ్ మాట్లాడుతున్నప్పుడు డగ్ ముఖాన్ని చూడాలి. మాట లేనివాడు ఎప్పుడూ ఊరికే లేడు.

సినిమా అమెరికా, కెనడాల్లో సుమారు 85 లక్షల డాలర్లు వసూలు చేసింది. గొప్ప విజయం అనలేం, పరాజయమూ కాదు. అసలు జీవితం తర్వాత మొదలైంది. వీడియో క్యాసెట్ల ద్వారా, అర్ధరాత్రి టీవీ ప్రసారాల ద్వారా, అన్న చూసి తమ్ముడికి చూపించడం ద్వారా అది కల్ట్ సినిమా అయింది. మొరానిస్ మరుసటి ఏడాదే 'ఘోస్ట్‌బస్టర్స్'తో, తర్వాత 1989లో 'హనీ, ఐ ష్రంక్ ది కిడ్స్'తో ప్రపంచమంతటికీ తెలిసిన నటుడయ్యాడు. భార్య మరణించాక పిల్లల్ని పెంచడం కోసం సినిమాలకి దూరంగా జరిగాడు. 2003లో డిస్నీ వారి 'బ్రదర్ బేర్' కార్టూన్ చిత్రంలో ఇద్దరు దుప్పి సోదరులకి మొరానిస్, థామస్ గొంతులిచ్చారు. వేషం మారింది, అన్నదమ్ములు మారలేదు. ఎస్.సి.టి.వి. కొంతకాలం ఎడ్మంటన్ నగరంలో తయారైంది కాబట్టి 2020లో ఆ ఊళ్ళో బాబ్, డగ్‌ల కంచు విగ్రహాలు పెట్టారు. కెనడాతనం చాలదన్న అధికారుల మీద కోపంతో పుట్టిన రెండు నిమిషాల వెక్కిరింపుని ఆ దేశం తన ముఖంగా ఒప్పుకుంది. వెక్కిరించినవాళ్ళు తాము వెక్కిరించేదాన్ని ప్రేమించకపోతే ఇలా జరగదు. పొట్టి బీరు సీసా దగ్గర్నుంచి హాకీ వరకు ఒక్కొక్క వస్తువునీ వాళ్ళు ఎంత ముద్దుగా చూపించారో, ఆ ప్రేమ ప్రతి ఫ్రేములో తెలుస్తుంది. కెనడాలో ఆ పొట్టి సీసాలు ఈ సినిమా వచ్చిన కాలంలోనే దుకాణాల్లోంచి కనుమరుగవడం మొదలుపెట్టాయి. ఆనాటి వాటి రాజ్యం చూడాలంటే ఈ సినిమాలో చూడాలి.

టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. పక్కింటి కెనడావాళ్ళు ఉన్నట్టుండి నోటితో పిట్టకూతలాంటి రాగం తీసి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటే, దాని వెనక కథ ఇది. అక్కడి పిల్లలకి ఇది ముందే తెలిసి ఉండవచ్చు. వాళ్ళతో కూర్చుని పెద్దలు కూడా చూడండి. మోటు జోకులున్నాయి, తాగుడుంది, చిన్నపిల్లలకి కాదు. చూసేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కథ అయిపోగానే లేవకండి. చివర పేర్లు పడుతున్నంతసేపూ బాబ్, డగ్ మళ్ళీ కూర్చుని, ఇప్పటిదాకా నడిచిన సినిమా గురించే మాట్లాడుకుంటారు.